ఫోను జేబులో పెట్టేసే చోటు

ఆరేళ్లలో నాకు దొరికిన డబ్బాలు 34. ఈ అంకె చెప్పగానే మా మేనకోడలు ఫోనులో ఫక్కున నవ్వింది. "మావయ్యా, ఇక్కడ మా స్నేహితురాలి నాన్నగారు ఒక్క శనివారంలో అన్ని తీసేస్తారు" అంది. తను ఉండేది సియాటిల్‌లో. జియోకేషింగ్ అనే ఈ ఆటను నడిపే సంస్థ ఉన్నదీ ఆ ఊళ్లోనే. అక్కడ పార్కుకు రెండు డబ్బాలు, వంతెనకో డబ్బా అట. మా మేనకోడలి లెక్క 1,900 దాటింది. నేనుండేది శ్రీకాకుళంలో. ఇక్కడ ఒక డబ్బా తీసి ఇంకో డబ్బా దగ్గరికి వెళ్లాలంటే ఓ పూట సెలవు పెట్టాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నేను వెతికినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగతావన్నీ విశాఖలోనో, హైదరాబాద్‌లోనో, బెంగళూరుకు పెళ్లికి వెళ్లి ముహూర్తానికి ముందు మాయమైపోయినప్పుడో దొరికినవి.

"అయితే నువ్వింకా కొత్తవాడివే" అని తీర్పు చెప్పేసింది.

ఆ తీర్పు నాకు మింగుడు పడలేదు. అంకె చిన్నదే, కాదనను. కానీ కొత్తలో చేసిన తెలివితక్కువ పనులు నేనిప్పుడు చెయ్యడం లేదు. ఏ పని ఏ చెరువు గట్టు మీద మానేశానో, ఏ బండ దగ్గర సిగ్గుపడి మానేశానో కూడా గుర్తుంది. మేనకోడలికి ఫోనులో చెబితే మధ్యలో నవ్వుతుంది కాబట్టి రాస్తున్నాను.

తెలియనివారికి ఆట రెండు ముక్కల్లో. ఒకరు ఓ డబ్బాలో చిన్న పుస్తకం పెట్టి ఎక్కడో దాస్తారు. ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను అందరికీ కనబడేలా పెడతారు. మనం వెళ్లి, వెతికి, పుస్తకంలో పేరూ తేదీ రాసి, డబ్బాను మళ్లీ ఉన్నచోటే ఉన్నట్టుగా దాచి రావాలి. మొదటిరోజు మా ఆవిడ అడిగింది: "దొరికితే ఏమిస్తారు?" ఏమీ ఇవ్వరన్నాను. "మరి పెట్రోలు ఎవరు పోస్తారు?" అంది. ఆ రెండో ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

నా వృత్తి సర్వే. పొలాల హద్దులు, లేఅవుట్లు, రోడ్ల కొలతలు. పాలిటెక్నిక్ చదివే రోజుల్లో గొలుసు లాగాను, తర్వాత కోణాలూ దూరాలూ కొలిచే టోటల్ స్టేషన్ మోశాను, ఇప్పుడు ఉపగ్రహాలతో చోటు కొలిచే డీజీపీఎస్ పట్టుకుని తిరుగుతున్నాను. రెండు సెంటీమీటర్ల తేడా వస్తే ఇద్దరు అన్నదమ్ముల మధ్య మాటలు పోయే ఉద్యోగం ఇది. అందుకని 2019 సంక్రాంతికి మా మేనకోడలు వచ్చి ఈ ఆట గురించి చెప్పినప్పుడు నేను కాలరు సర్దుకున్నాను. అక్షాంశం, రేఖాంశం ఇచ్చాక ఇక వెతకడం ఏమిటి, వెళ్లి తీసుకోవడమే కదా అనుకున్నాను.

వెళ్లింది విజయనగరం వైపు ఓ చెరువు గట్టుకు. ఫోను చూసుకుంటూ గట్టు మీద నడిచాను. దూరం తగ్గుతూ తగ్గుతూ సున్నా చూపించింది. అక్కడ ఆగి, చెప్పులు విడిచి ఓ చెప్పును గుర్తుగా పెట్టి, దాని చుట్టూ గడ్డి పీకడం మొదలుపెట్టాను. గడ్డి కింద మట్టి. మట్టి కింద ఇంకా మట్టి. ఫోను ఇటు తిప్పితే మూడు మీటర్లు అటు అంటుంది, అటు వెళితే నాలుగు మీటర్లు ఇటు అంటుంది. గంటకు పైగా ఆ చెప్పు చుట్టూ ప్రదక్షిణలు చేశాను. మా మేనకోడలు గట్టు వాలులో కూర్చుని చెరుకు ముక్క నములుతోంది. పిప్పి ఊసేసి చివరికి అంది:

"మావయ్యా, ముందు ఆ ఫోను జేబులో పెట్టు. నువ్వే దాచాలనుకో, ఇక్కడ ఎక్కడ దాస్తావు?"

తలెత్తి చూశాను. గట్టు బోడిగా ఉంది. గడ్డి తప్ప ఏమీ లేదు. ఉన్నదల్లా ఏడెనిమిది మీటర్ల అవతల పాత తూము, దాని తలుపు ఎత్తే ఇనుప చట్రం. తను లేచి వెళ్లి ఆ చట్రం అడుగున చెయ్యి పెట్టి తడిమింది. టక్‌మని చిన్న చప్పుడు. అయస్కాంతంతో అంటుకుని ఉన్న బొటనవేలంత డబ్బా ఊడి తన చేతిలోకి వచ్చింది.

నా వృత్తే నన్ను మోసం చేసింది. డీజీపీఎస్‌కు ఒక స్థిరమైన కేంద్రం తోడుగా ఉండి తప్పులు దిద్దుతుంది. ఫోనుకు ఆ తోడు లేదు. ఆరుబయట కూడా నాలుగైదు మీటర్ల తేడా మామూలే. బండల పక్కన, చెట్ల కింద ఉపగ్రహ సంకేతం దేనికో తగిలి తిరిగి వస్తుంది కాబట్టి తేడా ఇంకా పెరుగుతుంది. పైగా దాచినవారి ఫోనుకూ అంతే తేడా ఉంటుంది. రెండు తప్పులూ ఎదురెదురు దిక్కులకు పోతే పది మీటర్లు. ఈ ఆటలో అక్షాంశాన్ని డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో వెయ్యోవంతు వరకు రాస్తారు. ఆ వెయ్యోవంతు అంటే ఉత్తర దక్షిణాలుగా 1.85 మీటర్లు. మన శ్రీకాకుళం ఉన్న అక్షాంశం దగ్గర తూర్పు పడమరలుగా సుమారు 1.76 మీటర్లు. అంటే రాసిన అంకెలోనే అటూ ఇటూ సుమారు మూడడుగుల ఊగిసలాట ఉంది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి కూడా చెప్పు చుట్టూ తిరిగాను. బంగారం తూచే త్రాసుకు అలవాటుపడ్డ చెయ్యి ధాన్యం బస్తా దగ్గర కూడా గురివింద గింజ కోసం తడుముకున్నట్టు.

అసలు ఈ ఆట పుట్టిందే తేడా తగ్గినందుకు. 2000 మే 2 వరకు మామూలు జనం వాడే జీపీఎస్‌లో అమెరికా ప్రభుత్వం కావాలని తప్పు కలిపేది. తేడా వంద మీటర్ల దాకా ఉండేది. ఆ రోజు ఆ కలపడం ఆపేశారు. మర్నాడే డేవ్ అల్మర్ అనే ఆయన ఓరెగాన్ రాష్ట్రంలో ఓ బకెట్ దాచి దాని అక్షాంశ రేఖాంశాలు ప్రకటించాడు. మూడు రోజుల్లో మైక్ టీగ్ అనే ఆయన దాన్ని కనిపెట్టాడు. ఆ బకెట్లో పుస్తకం, పెన్సిలుతోపాటు ఓ బీన్స్ డబ్బా కూడా ఉందట. ఇప్పుడైతే తినేవి పెట్టకూడదన్నది నియమం, పశువులూ చీమలూ ఊరుకోవు కదా. ఆ రోజుల్లో నేను పాలిటెక్నిక్‌లో గొలుసుకు ఎన్ని లింకులో బట్టీ పడుతున్నాను. వంద మీటర్లు అయిదు మీటర్లు అయినందుకు లోకంలో ఎవరో బకెట్ దాచుకుని సంబరపడ్డారని ఇరవై ఏళ్ల తర్వాత తెలిసింది.

ఇప్పుడు నేను డబ్బాకు పన్నెండు, పదిహేను మీటర్ల దూరంలోనే ఫోను జేబులో పెట్టేస్తాను. అక్కడ నిలబడి ఊరికే చూస్తాను. చేతులు కట్టుకుని, పొలం బేరానికి వచ్చినవాడిలా. ప్రకృతి రాళ్లను ఒకదాని మీద ఒకటి చదునుగా పేర్చదు. తుమ్మ కొమ్మకు తీగ ముడి దానంతట అది పడదు. తుప్పు పట్టిన గేటుకు మెరుస్తున్న బోల్టు ఒక్కటే ఉండదు. మోడువారిన తాటిబోదె తొర్రలో ఎండు మట్టలు అడ్డంగా పడి ఉంటాయి కానీ మూతలా కుదురుగా కూర్చోవు. ఈ చూపు ఏ నెలలో వచ్చిందో చెప్పలేను. ఒకరోజు బస్సులో వెళుతూ రోడ్డు పక్క కల్వర్టు చూసి "ఇక్కడైతే రెండో ఖానా లోపల, పైకప్పు పగులులో" అని నాలో నేను అనుకున్నాను. అక్కడ డబ్బా ఏమీ లేదు. వచ్చిన స్టాపు దిగడం మాత్రం మరిచిపోయాను.

చెయ్యి పెట్టే ముందు కర్ర పెట్టడం కూడా అలాంటిదే. తొర్రలో తేలు ఉంటుందని చిన్నప్పటి నుంచి తెలుసు. అయినా డబ్బా కనబడగానే ఆ తెలివి ఎటో పోతుంది. నాకు ఒక్కసారి కందిరీగలు బుద్ధి చెప్పాయి. ఎడమ చెయ్యి మూడు రోజులు బూరెలా ఉంది. ఆఫీసులో ఎవరికీ కారణం చెప్పలేదు.

సామాను సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అందులో గొప్పేమీ లేదు. కొత్తలో చేతిలో పట్టుకునే జీపీఎస్ పరికరం ఒకటి పాతది కొన్నాను. బాగానే ఉంది కానీ నా ఫోను కన్నా నాకేమీ ఎక్కువ చెయ్యలేదు. ఇప్పుడు సంచిలో ఉండేవి కర్ర, టార్చి, చిన్న అద్దం, పాత గుడ్డ, ఎండు కాగితాలు, నాలుగు పెన్సిళ్లు, ఒక చిమటా, అంటే సన్న పట్టకారు. పెన్ను తడి కాగితం మీద రాయదు, ఎండలో సిరా కక్కుతుంది. పెన్సిలు దేనికీ అలగదు. చిమటా దేనికంటే, చొక్కా గుండీ అంత డబ్బాలు కూడా ఉంటాయి. వాటిలో పుస్తకం అంటే వేలి గోరంత వెడల్పున్న కాగితం చుట్ట. బయటికి లాగడం తేలికే. పేరు రాసి మళ్లీ అంత బిగువుగా చుట్టి, మూత పట్టేలా లోపల దూర్చడంలోనే ఉంది పని. మొదటిసారి ఆ చుట్ట నా చేతుల్లో పొంగి పొంగి మూత పట్టలేదు. కాగితం అంచు బయటే ఉండగా మూత బిగించి వచ్చేశాను. తర్వాత వెతికినవారికి ఆ అంచు గుండా నీరు పోయి ముద్దయిన కాగితం దొరికిందట. ఇప్పుడు చిమటా కొనతో చుట్టను పట్టుకుని, వెడల్పు సరిచూసుకుని, కూర్చుని చుడతాను. వత్తి చేసినట్టే. మా అమ్మ చూస్తే మెచ్చుకునేది.

సిగ్గుపడాల్సిన సంగతులు రెండు ఉన్నాయి. మొదటిది ట్రావెల్ బగ్. సిపాయిల మెడలో వేసుకునే బిళ్ల లాంటి రేకు ముక్క, మీద ఒక సంఖ్య. ఎవరో యజమాని దాన్ని ఒక డబ్బాలో వదులుతారు. దొరికినవారు ఇంకో డబ్బాకు చేర్చాలి. అలా అది దేశాలు తిరుగుతుంది. విశాఖలో నాకు ఒకటి దొరికింది. నేను బహుమతి అనుకున్నాను. ఇంటికి తెచ్చి షోకేసులో, మా అబ్బాయి కప్పు పక్కన పెట్టాను. పద్నాలుగు నెలలు అక్కడే ఉంది. ఒకరోజు చెక్ దేశం నుంచి ఒకావిడ చాలా మర్యాదగా రాసింది, నా బిళ్ల క్షేమమేనా అని. ఆ మర్యాదే నన్ను చంపేసింది. ఆ ఆదివారమే బస్సెక్కి వెళ్లి ఇంకో డబ్బాలో పెట్టి వచ్చాను. డబ్బాలో బొమ్మో బిళ్లో తీసుకుంటే దానికన్నా విలువ తక్కువ కానిది ఇంకొకటి పెట్టాలన్న నియమం కూడా అప్పుడే గుర్తొచ్చింది. అంతకుముందు తీసుకున్న గాజు గోళీకి బదులు ఏమీ పెట్టలేదు. ఇప్పుడు వెళ్లిన ప్రతిచోటా బొబ్బిలి వీణ బొమ్మ ఉన్న తాళం గొలుసు ఒకటి పెట్టి వస్తాను. వడ్డీతో సహా తీరుతోంది.

రెండోది ఇంతకన్నా పెద్దది. దొరకనప్పుడు దొరకలేదని రాయకపోవడం. ఈ ఆటలో దానికి డీఎన్‌ఎఫ్ అని పేరు. నా పేరు పక్కన అది కనబడితే సర్వేయరుకు పరువు తక్కువ అనుకున్నాను. సముద్రం వైపు ఒక డబ్బా కోసం 2021 చివర్లో మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ ఉత్త చేతులతో, చెప్పుల నిండా ఇసుకతో వచ్చాను. నోరు మెదపలేదు. నాలుగోసారి వెళ్లే ఓపిక లేక, పళ్ల బిగువున "దొరకలేదు, మూడుసార్లు వెతికాను" అని రాశాను. రెండు రోజుల్లో దాచినాయన వెళ్లి చూశాడు. డబ్బా లేదు. అది ఉన్న మొగలి పొదే లేదు. ఆ ఏడు సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ తుపానులో పోయి ఉంటుందని తేల్చాడు. నేను మూడుసార్లు వెతికింది లేని డబ్బాను. మొదటిసారే రాసి ఉంటే రెండు ట్రిప్పుల పెట్రోలు మిగిలేది. మా ఆవిడ ప్రశ్నకు అదొక్కటే పాక్షిక సమాధానం. ఇప్పుడు నా లెక్కలో దొరికినవి 34 అయితే దొరకలేదని రాసినవి 19. మేనకోడలికి రెండో అంకె చెప్పలేదు, చెబితే ఇంకా నవ్వేది.

ఇక మనుషులు. ఈ ఆట తెలియకుండా దారిన పోయేవాళ్లను మగుల్స్ అంటారు. వాళ్ల కంటపడకుండా డబ్బా తీయాలన్నది పద్ధతి. అమెరికాలో అయితే పార్కులో షూ లేసు కట్టుకుంటున్నట్టు నటిస్తే సరిపోతుందట. మన దగ్గర ఓ నడివయసు మనిషి పట్టపగలు బండల మధ్య వంగి తిరుగుతుంటే ఊరంతా చూస్తుంది. పైగా మన దగ్గర పాత రాళ్లున్న చోటల్లా నిధి ఉందన్న మాట ఉంటుంది. ఒకసారి రామతీర్థం వైపు, కొండలకు దూరంగానే, రోడ్డు పక్క బండల్లో వెతుకుతున్నాను. ఒక పెద్దాయన సైకిలు ఆపాడు. "బాబూ, ఏం వెతుకుతున్నారు?" అన్నాడు. తాళం చెవి పోయిందన్నాను. ఆయన సైకిలు స్టాండు వేసి తనూ వెతకడం మొదలుపెట్టాడు. ఇంకో ఇద్దరు కలిశారు. పోని తాళం చెవి కోసం నలుగురం అరగంట వెతికాం. చివరికి పెద్దాయన నా చెవి దగ్గరికి వచ్చి, "నిజం చెప్పండి, నిధి కోసమేనా? పూజ చేయించకుండా తియ్యకూడదు" అన్నాడు.

తర్వాతిసారి తెలివిగా సర్వే అని చెప్పాను. అది నా వృత్తే కాబట్టి అబద్ధం కాదులే అనుకున్నాను. అంతకన్నా పొరపాటు ఇంకొకటి లేదు. తీరం వెంబడి మూలపేట రేవుకు, ఇటు భోగాపురం విమానాశ్రయానికి భూములు ఇచ్చిన జిల్లాలు ఇవి. సర్వే అన్న మాట పడగానే పావుగంటలో పదిమంది పోగయ్యారు. ఏ ప్రాజెక్టు, ఎన్ని ఎకరాలు, జిరాయితీ భూమి కూడా పోతుందా, ఎకరానికి ఎంత ఇస్తారు అని ప్రశ్నల మీద ప్రశ్నలు. ఒకావిడ ఏడుపు గొంతుతో పట్టాదారు పుస్తకం తెచ్చి చూపించింది. ఆటకు వచ్చానని చెబితే నమ్మలేదు. నమ్మించడానికి గంట పట్టింది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక అన్నం సహించలేదు. నాకు కాలక్షేపం, ఆవిడకు రెండెకరాలు.

అప్పటి నుంచి నటన మానేశాను. ఎవరైనా అడిగితే ఫోను చూపించి ఉన్నదున్నట్టు చెబుతాను. డబ్బా దొరికితే వాళ్ల చేతికే ఇచ్చి మూత తీయిస్తాను. లోపల కాగితం, పెన్సిలు, ఓ ప్లాస్టిక్ కప్ప బొమ్మ చూసి వాళ్ల ముఖంలో కనబడే నిరాశ చూడాలి. "దీనికోసమా ఇంత దూరం వచ్చారు?" అంటారు. అక్కడితో అనుమానం పోతుంది, నా మీద జాలి మొదలవుతుంది. జాలి ఎంతో నయం. నియమం ప్రకారం ఇది తప్పే కావచ్చు. కానీ ఆ నియమం రాసినవారికి మా ఊళ్లు తెలియవు.

డబ్బా లేకుండా ఆడే రకం కూడా ఒకటి ఉంది, ఎర్త్‌కేష్ అంటారు. ఒక చోటికి వెళ్లి అక్కడి రాయినో మట్టినో చూసి ప్రశ్నలకు జవాబు రాయాలి. సముద్రం ఒడ్డున అలాంటిది ఒకటి మా అబ్బాయితో కలిసి చేశాను. మన తీరంలో ఇసుక మీద నల్లని చారలు చూసే ఉంటారు. చిన్నప్పుడు నేను ఓడల మసి అనుకునేవాణ్ణి. దగ్గర కూర్చుని అరచేతిలో పోసుకుంటే నలుపులో ఎరుపు మెరుపులు ఉంటాయి. నలుపు ఇల్మనైట్, ఎరుపు గార్నెట్. తూర్పు కనుమల రాళ్లు అరిగి నదుల వెంట వచ్చినవి. నీటితో పోలిస్తే మామూలు ఇసుక సాంద్రత 2.65 అయితే ఇల్మనైట్‌ది దాదాపు 4.7. అల తేలికదాన్ని వెనక్కు లాక్కుపోయి బరువుదాన్ని వదిలేస్తుంది. మావాడు పాలిథీన్ సంచిలో అయస్కాంతం పెట్టి ఇసుకలో తిప్పితే నల్ల రేణువులు కొన్ని మీసాల్లా లేచాయి. అది మాత్రం చాలాసేపు చూశాం.

దాచడం మొదలుపెట్టాక కానీ నాకు ఈ ఆట సగం కూడా తెలియదని తెలియలేదు. మొదట శాలిహుండం ఎంచుకున్నాను. వంశధార ఒడ్డున కొండ, పైన బౌద్ధ స్తూపాలు, కింద నది వంపు. మా జిల్లాలో అంతకన్నా చూపించదగ్గ చోటు నాకు తట్టలేదు. డబ్బా వివరాలు పంపితే పరిశీలించే స్వచ్ఛంద కార్యకర్త తిప్పి పంపారు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలం, అనుమతి లేకుండా కుదరదు అని. మా జిల్లా కొండ మీద నాకు అనుమతి ఏమిటని వారం రోజులు కుతకుతలాడాను. ఆ తర్వాత ఆలోచిస్తే, వెతికేవాళ్లు పాత ఇటుకల సందుల్లో వేళ్లు పెట్టి కదుపుతారు కదా. నేనైతే చెప్పు చుట్టూ గడ్డంతా పీకినవాణ్ణి. ఆయనే రైటు.

నాగావళికి పడమట ఓ చిన్న మెట్ట దొరికింది. ఊరు చెప్పను, ఆట పాడవుతుంది. సర్పంచిగారిని అడిగి ఒప్పించాను. డబ్బాగా మొదట మిఠాయి ప్లాస్టిక్ డబ్బా పెట్టాను. మేలో ఒక్క ఎండకే మూత పెంకులా పగిలింది. రెండోది స్టీలు టిఫిన్ డబ్బా. దాచిన నాలుగో రోజుకి లేదు. మంచి స్టీలు డబ్బా కొండ మీద వదిలేసినవాడిదే తప్పు. ఎవరి ఇంట్లోనో ఇప్పుడు అందులో ఊరగాయ ఉండి ఉంటుంది. మూడోది బోరుకు వాడే పీవీసీ గొట్టం ముక్క, రెండు వైపులా మూతలు, ఒక మూతకు రబ్బరు వాషరు. మెట్ట మీది రాయి రంగే పూసి, పైన జిగురు రాసి అక్కడి మట్టే చల్లాను. తవ్వి పాతిపెట్టకూడదు కాబట్టి రెండు బండల సందులో అడ్డంగా పెట్టి ముందు ఓ రాయి వాల్చాను. లోపల పుస్తకం పక్కన కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే తేమ పీల్చే పొట్లాలు రెండు వేశాను.

అక్షాంశ రేఖాంశాల దగ్గర నా వృత్తి మొదటిసారి పనికొచ్చింది. ఒక్కసారి చూసి రాసేయకుండా మూడు వేర్వేరు రోజులు, వేర్వేరు వేళల్లో, ఒక్కోసారి ఇరవై నిమిషాలు ఫోను అక్కడే పెట్టి సగటు తీశాను. డీజీపీఎస్ తీసుకెళ్లి సెంటీమీటరు వరకు రాయవచ్చు. కానీ వెతికేవాళ్ల దగ్గర ఉండేది ఫోనే కదా.

కష్టాన్ని ఒకటి నుంచి అయిదు వరకు మనమే వెయ్యాలి, మధ్యలో అరలు కూడా ఉంటాయి. నా డబ్బా మీద మోజుతో నాలుగు వేశాను. బెంగళూరు నుంచి వచ్చిన కుటుంబంలో తొమ్మిదేళ్ల పాప పది నిమిషాల్లో తీసింది. రెండుకు తగ్గించాను. సూచన ఇచ్చే దగ్గర ఇంకో తమాషా జరిగింది. సూచనను చూడగానే చదివేయకుండా ఇంగ్లిషు అక్షరాలను పదమూడు స్థానాలు జరిపి గజిబిజిగా చూపిస్తారు. కావాలనుకున్నవారు విప్పుకుంటారు. నేను సూచన తెలుగులో రాశాను. తెలుగు అక్షరాలను ఎవరు జరుపుతారు? "జంట బండల నడుమ" అని పట్టపగలే వెలిగిపోయింది. తెలుగు చదవగలిగినవాళ్లందరికీ నా డబ్బా కష్టం సున్నా. మార్చలేదు. మనవాళ్లకు ఆ మాత్రం సౌకర్యం ఉంటే తప్పేమిటి?

ఆ మెట్ట మీద మేకలు మేపే తాత ఒకాయన ఉన్నాడు. మొదటిరోజే ఆయనకు అంతా చెప్పి డబ్బా చూపించాను. "అంటే ఎవరెవరో వచ్చి దీంట్లో సంతకం చేసి పోతారా?" అని అడిగాడు. అవునన్నాను. "ఉపాధి పని మస్టరు లాగానా?" అన్నాడు. ఇంత సూటిగా ఈ ఆటను నాకెవరూ చెప్పలేదు.

మొన్న ఆగస్టులో నాలుగు రోజులు ముసురు పట్టి వదిలాక డబ్బా ఎలా ఉందో చూద్దామని వెళ్లాను. జంట బండల సందులో నీళ్లు నిలిచి ఉన్నాయి. డబ్బా లేదు. నా గుండె స్టీలు డబ్బా నాటిలాగే జారింది. అలవాటు ప్రకారం ఫోను జేబులో పెట్టి, చేతులు కట్టుకుని చూశాను. పైన, ఉత్తరం వైపు, గొడుగులా వాలిన బండ ఒకటి ఉంది. నేనైతే అక్కడ దాస్తాను అనిపించింది. కర్రతో ఓ రాయి పక్కకు తీస్తే నా గొట్టం ముక్క, ఒక్క చుక్క తడి లేకుండా.

మూత తీసి పుస్తకం చూశాను. చివరి పేజీలో పెన్సిలుతో బడి చేతిరాత. తాత మనవడిది, ఎనిమిదో తరగతి. పేరు, తేదీ, కింద ఒక వాక్యం: "కింద నీళ్లు వస్తున్నాయని తాత పైకి పెట్టమన్నాడు."

నేను ఎంచిన చోటు కన్నా అది అన్ని విధాలా మంచిది. డబ్బాను అక్కడే ఉంచి, దాని పక్కనే బండ మీద ఫోను పెట్టి ఇరవై నిమిషాలు కూర్చున్నాను. తర్వాత ఇంకో రెండు రోజులు, ఒకసారి తెల్లవారుజామున, ఒకసారి సాయంత్రం వెళ్లాను. రేఖాంశం మారలేదు. అక్షాంశం చివర 412 ఉన్నదాన్ని 417 చేశాను. సూచనలో "జంట బండల నడుమ" కొట్టేసి "గొడుగు బండ" అని రాశాను, తెలుగులోనే.